ఫ్రెంచ్ స్టైల్‌లో తయారవ్వడం ఎలా: కొనడం తక్కువ, టైలర్ చుట్టూ తిరగడం ఎక్కువ

పారిస్ ఆడవాళ్లు చేతికేదందితే అది తగిలించుకుని బయటికొచ్చేసినా భలే ఉంటారు అని ఒక మాట ఎప్పట్నుంచో తిరుగుతోంది కదా, అందులో సగమే నిజం. చేతికందింది వేసుకునే మాట కరెక్టే, కాకపోతే ఆ చేతికందే బీరువాలో ఏం ఉండాలి, ఏ ప్యాంటు ఎక్కడ ఆగాలి, ఏ షర్టు భుజం ఎక్కడ కూర్చోవాలి ఇవన్నీ ముందే ఎప్పుడో తేల్చేసుకుని ఉంటారు, అందుకే పొద్దున పూట అద్దం ముందు పని ఐదు నిమిషాల్లో తెమిలిపోతుంది. ఇంకోటి కూడా ముందే చెప్పేస్తా, పారిస్ మొత్తం ఇలా ఉండదు, మెట్రో ఎక్కితే ట్రాక్‌సూట్లు, స్నీకర్లు, ఉబ్బు జాకెట్లే ఎక్కువ కనిపిస్తాయి. మనం ఫ్రెంచ్ స్టైల్ అంటున్నది ఆ ఊళ్లో డబ్బూ తీరికా ఉన్న ఒక వర్గం వాళ్ల అలవాటు, పత్రికలూ బ్రాండ్లూ కలిసి దాన్ని దేశం మొత్తానికీ అంటగట్టేశాయి. అయినా సరే ఆ అలవాటులో మనం తీసుకోదగ్గ సరుకు చాలా ఉంది, పైగా పెద్దగా ఖర్చు లేనిది.

ఒక విషయం గమనించారా, మనవాళ్లు చీర మీదకి జాకెట్టు కుట్టించుకుంటే చంక దగ్గర అరంగుళం లూజున్నా టైలర్‌తో గొడవేసుకుంటారు, అదే మనిషి షాపింగ్ మాల్‌లో జీన్స్ కొంటే కింద రెండు మడతలు పెట్టి, నడుం దగ్గర బెల్టు బిగించి అలాగే నాలుగేళ్లు లాగించేస్తుంది. ఆ జాకెట్టు మీద పెట్టే శ్రద్ధలో సగం మిగతా బట్టల మీద పెడితే చాలు, ఈ స్టైల్ మూడొంతులు వచ్చేసినట్టే. కింద చెప్పేదంతా ఆ లెక్క మీదే నడుస్తుంది.

మొదటి పని: ఏమీ కొనకండి, బీరువా ఖాళీ చేయండి

ఒక ఆదివారం అన్నీ తీసి మంచం మీద పోయండి. మూడు కుప్పలు చేయండి. ఈ మధ్య తరచూ వేసుకుంటున్నవి ఒకటి, గుడ్డ ఇష్టమే రంగు ఇష్టమే కానీ ఎక్కడో ఫిట్టింగ్ తేడాగా ఉందని పక్కన పెట్టేసినవి రెండోది, అసలెందుకు కొన్నామో గుర్తులేనివి మూడోది. మూడో కుప్పని వెంటనే ఎవరికీ ఇచ్చేయొద్దు, సూట్‌కేసులో పెట్టి అటకెక్కించండి, ఒక సీజన్ మొత్తం దాని జోలికి వెళ్లకపోతే అప్పుడు ఇచ్చేయండి. అసలు బంగారం రెండో కుప్పలోనే ఉంటుంది, దాన్ని ఒక సంచిలో వేసి పక్కన పెట్టండి, టైలర్ దగ్గరికి తీసుకెళ్లేది అదే. మొదటి కుప్పని మాత్రం కాసేపు కూర్చుని చూడండి, అందులో మీకు తెలీకుండానే రిపీట్ అవుతున్న రంగు ఏది, మెడ ఏది, పొడవు ఏది అని. మీ ఒంటికి ఏది పడుతుందో ఆ కుప్పే చెప్తుంది, ఏ ఇన్‌ఫ్లుయెన్సరూ అంత కరెక్టుగా చెప్పలేదు.

రంగులు

నేవీ బ్లూ, తెలుపు, హాఫ్ వైట్, బూడిద రంగు, నలుపు, బిస్కెట్ కలర్, వీటి చుట్టూనే తిరుగుతుంది కథంతా. అన్నీ అక్కర్లేదు, కింద వేసుకునేవాటికి రెండు రంగులు ఫిక్స్ చేసుకోండి, ఉదాహరణకి నీలం డెనిమ్, నలుపు. పైన వేసుకునే ప్రతీదీ ఆ రెండిటి మీదకీ వెళ్లాలి, వెళ్లకపోతే అది ఎంత బాగున్నా కొనొద్దు. ఇక్కడ మనకి వర్తించే చిన్న మార్పు ఒకటుంది: ఫ్రెంచ్ ఫొటోల్లో కనిపించే ఆ బిస్కెట్ కలర్ మన ఒంటి రంగుకి మరీ దగ్గరగా ఉంటే మొహం కళ తప్పినట్టు కనిపిస్తుంది, దాన్ని మొహానికి దూరంగా ప్యాంటుకో బ్యాగుకో పెట్టుకోండి, మెడ దగ్గర నేవీ, హాఫ్ వైట్, మెరూన్, బాటిల్ గ్రీన్ పెట్టి చూడండి, తేడా అద్దంలోనే తెలుస్తుంది. ఎరుపు ఒక్కటి విడిగా ఉంచుకోండి, అది ఒకసారికి ఒక్కచోటే, లిప్‌స్టిక్‌కో చెప్పులకో. రెండు చోట్లా పెడితే ఎయిర్‌హోస్టెస్ డ్రెస్ అయిపోతుంది.

చారల టీషర్టుతో మొదలుపెట్టండి

ఒకే ఒక్కటి కొంటాను అంటే ఇదే కొనమంటాను. ఈ చారల బనీను ఫ్రెంచ్ నేవీ యూనిఫాంలోకి 1858 మార్చిలో అధికారికంగా వచ్చింది, ఉత్తర్వులో లెక్క కూడా రాశారు, ఒంటి భాగం మీద 21 తెల్ల చారలు, ఒక్కోటి 20 మిల్లీమీటర్లు, వాటి మధ్య 20 లేదా 21 నీలిమందు రంగు చారలు, ఒక్కోటి 10 మిల్లీమీటర్లు. అంటే తెలుపు నీలానికి రెండింతలు. నెపోలియన్ గెలిచిన యుద్ధాలు 21 కాబట్టి చారలూ అన్ని పెట్టారని ఒక కథ చెప్తారు గానీ అది వినడానికి మాత్రమే బాగుంటుంది. చేతులు ముప్పావు పొడవు ఉండేవి, పైన వేసుకునే యూనిఫాం చేతుల్లోంచి బయటికి రాకూడదని. ఫ్రాన్స్ ఉత్తర తీరం వైపు నార్మండీ ప్రాంతంలో 1889లో మొదలైన సెయింట్ జేమ్స్ కంపెనీ, దాని పక్కనే ఉన్న బ్రిటనీ ప్రాంతంలో క్యాంపేర్ ఊళ్లో 1938లో మొదలైన ఆర్మోర్ లుక్స్ ఇప్పటికీ వీటికి పేరున్న వాళ్లే. నావికుల బట్ట ఫ్యాషన్‌లోకి రావడంలో ఫ్రెంచ్ డిజైనర్ కోకో షనెల్ చెయ్యి ఉంది, 1913లో దోవిల్ అనే సముద్రం ఒడ్డు ఊళ్లో షాపు పెట్టి, అప్పటిదాకా ఎక్కువగా మగవాళ్ల లోపలి బనీన్లకి వాడే జెర్సీ గుడ్డతో ఆడవాళ్లకి వదులు బట్టలు కుట్టి అమ్మింది ఆవిడ.

ఈ లెక్కంతా ఎందుకు చెప్పానంటే షాపులో మీకు పనికొస్తుంది. తెలుపు ఎక్కువ, నీలం తక్కువ ఉన్న చారలు కంటికి తేలిగ్గా ఉంటాయి, రెండూ సమానంగా ఉంటే కళ్లు అదురుతాయి, నీలం ఎక్కువైతే ఇంకో బట్ట అయిపోతుంది. మెడ అడ్డంగా, భుజం ఎముకల వైపు సాగి ఉండాలి, కిందకి దిగకూడదు. గుడ్డ పట్టుకుంటే కాస్త బరువుండాలి, లోపల చెయ్యి పెడితే వేళ్లు కనిపించకూడదు. పక్క కుట్టు దగ్గర ముందు చార, వెనక చార కలుస్తున్నాయా లేదా చూడండి, కలిపి కుట్టిన వాడు మిగతా పని కూడా ఒళ్లు దగ్గర పెట్టుకునే చేసి ఉంటాడు. బస్ట్ ఎక్కువున్నవాళ్లకి చారలు బాగోవు అని ఒక భయం ఉంటుంది, అదంతా చారల తప్పు కాదు, టీషర్టు టైట్‌గా ఉండి చార వంకర తిరిగితే వచ్చే సమస్య, ఒక సైజు పెద్దది తీసుకుంటే పోతుంది. అన్నట్టు ఈ టీషర్టుని జాకెట్టులా వేసి మంగళగిరి ప్లెయిన్ కాటన్ చీర కట్టి చూడండి, నేవీ చారల మీద హాఫ్ వైట్ చీర, అదిరిపోతుంది.

తెల్ల షర్టు, జీన్స్, ఒక బ్లేజర్

తెల్ల షర్టు లేడీస్ సెక్షన్‌లో వెతక్కండి, అక్కడ గుడ్డ పల్చన, కాలర్ మెత్తన. జెంట్స్ సెక్షన్‌లో మీ భుజానికి సరిపోయే చిన్న సైజు తీసుకోండి. కాలర్ నిలబడాలి, పై రెండు గుండీలు తీసేసినా చదునుగా పడిపోకూడదు. లోపల తెల్ల ఇన్నర్ వేస్తే బయటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, మీ ఒంటి రంగుది వేసుకుంటే కనపడదు, ఇది చాలామందికి తెలిసినా పాటించరు. ఎండాకాలానికి లినెన్ మంచిది. ప్రపంచంలో లినెన్ నార ఎక్కువ పండించేది ఫ్రాన్సే, నార్మండీ నుంచి పైకి తీరం వెంబడి పొలాలుంటాయి, మనం కారప్పొడిలో వేసుకునే అవిసె గింజల మొక్క కాండం నుంచే తీస్తారు ఆ నారని. లినెన్ నలుగుతుంది, నలగనివ్వండి, దానికి గంజి పెట్టి గట్టిగా ఇస్త్రీ చేస్తే ఆ అందమే పోతుంది.

జీన్స్ విషయంలో ఒక్కటే, స్ట్రెయిట్ కట్. తొడ నుంచి కింద దాకా గొట్టంలా తిన్నగా రావాలి. చిరుగులు, రాళ్లు, ఎంబ్రాయిడరీ, వెనక జేబు మీద మెరుపు దారం ఏదీ వద్దు. సాగే గుడ్డ ఎంత తక్కువుంటే అంత మంచిది, లేబుల్ మీద కాటన్ 98 శాతం పైన ఉంటే తీసుకోండి, ఎక్కువ సాగేవి ఏడాదికే మోకాళ్ల దగ్గర సంచులు దిగుతాయి. మన ఎండలకి మరీ బరువు డెనిమ్ వద్దు, అది పారిస్ చలికి.

ఇక్కడ ఒక ముచ్చట. పారిస్‌లో ఆడవాళ్లు ప్యాంటు వేసుకోవాలంటే పోలీసుల పర్మిషన్ తీసుకోవాలని 1800లో ఒక ఆర్డర్ ఉండేది, దాన్ని ఎవరూ పట్టించుకోవడం మానేసి దశాబ్దాలైనా కాగితం మీద మాత్రం అలాగే ఉండిపోయింది, 2013లో గానీ ప్రభుత్వం అది చెల్లదని ప్రకటించలేదు. ఈవ్ సాన్ లొరాన్ అనే డిజైనర్ మగవాళ్ల డిన్నర్ సూట్‌ని ఆడవాళ్లకి కుట్టి 1966లో స్టేజీ మీదకి తెచ్చాడంటే అప్పట్లో అది ఎంత పెద్ద విషయమో ఊహించుకోండి. ఈ రోజు జీన్స్ మీద నల్ల బ్లేజర్ వేసుకోవడం అనే అలవాటుకి వెనక అదంతా ఉంది.

బ్లేజర్ మనకి ఏసీ ఆఫీసులో, ఫ్లైట్‌లో, డిసెంబర్ సాయంత్రాల్లో పనికొస్తుంది. లోపల లైనింగ్ వెనక సగం దాకానే ఉన్నది, లేదా అసలు లేనిది తీసుకోండి, పూర్తి పాలిస్టర్ లైనింగ్‌తో హైదరాబాద్ మార్చిలో మనిషి ఉడికిపోతాడు. షనెల్ 1954లో మళ్లీ షాపు తెరిచినప్పుడు తెచ్చిన జాకెట్లలో ఒక కిటుకు ఉండేది, లోపల కింది అంచు వెంబడి సన్నటి గొలుసు కుట్టేసేవాళ్లు, ఆ బరువుకి జాకెట్ ఎక్కడా లేవకుండా తిన్నగా వేలాడుతుంది. బయటికి ఏమీ కనపడదు. ఆ కంపెనీ ఇప్పటికీ అలాగే కుడుతుంది.

ట్రెంచ్ కోట్ అని, నడుం దగ్గర బెల్టుతో ఉండే పొడుగు కోటు, ప్రతి లిస్టులోనూ ఉంటుంది, వదిలేయండి. ఆంధ్రా తెలంగాణల్లో ఉంటూ దానికి డబ్బు తగలేయడం దండగ, యూరప్‌లోనో అమెరికాలో చలి ఊళ్లలోనో ఉన్నవాళ్లు మాత్రం కొనుక్కోండి, వాళ్లకది ఏళ్ల తరబడి వస్తుంది.

అసలు పని: టైలర్

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి. పక్కన పెట్టిన రెండో కుప్ప సంచి తీయండి, కొత్తవి కొంటే వాటినీ అందులో వేయండి. కాటన్ అయితే ముందు రెండుసార్లు ఉతికి ఆరేయండి, గుడ్డ కుదించుకుపోయేది అప్పుడే పోతుంది, ఉతక్కుండా ఆల్టర్ చేయిస్తే తర్వాత ప్యాంటు పొట్టిదైపోయి ఏడవాలి.

ఎవరి దగ్గరికి వెళ్లాలి అంటే, జీన్స్‌కీ ప్యాంట్లకీ బ్లేజర్‌కీ జెంట్స్ టైలర్ దగ్గరికే వెళ్లండి. జాకెట్టు అద్భుతంగా కుట్టే లేడీస్ టైలర్ కూడా జీన్స్ నడుం పట్టీ ఊడదీయమంటే తటపటాయిస్తాడు, ఆయన మిషన్‌కి ఆ మందం గుడ్డ అలవాటుండదు. శ్రావణం, దసరా, పెళ్లిళ్ల సీజన్‌లో మాత్రం వెళ్లకండి, రేపు రండి అని ఇరవై రోజులు తిప్పుతారు. వెళ్లేటప్పుడు ఆ ప్యాంటు మీదకి రోజూ వేసుకునే చెప్పులే వేసుకుని వెళ్లండి, హీల్ మారితే పొడవు లెక్క మొత్తం మారిపోతుంది.

వేసుకుని నిలబడి ఇవి చూసుకోండి. భుజం కుట్టు మీ భుజం ఎముక చివర ఆగాలి, బ్లేజర్‌లో ఇది కుదరకపోతే కొనకముందే వదిలేయాలి, మిగతావన్నీ మార్చొచ్చు గానీ భుజం ఊడదీసి కుట్టడం కొత్తది కుట్టినంత పని, డబ్బు కూడా అంతే అవుతుంది. చెయ్యి పొడవు మణికట్టు ఎముక దగ్గర ఆగాలి, లోపలి షర్టు కఫ్ ఒక సెంటీమీటరు బయటికి కనిపిస్తే ఇంకా బాగుంటుంది. ప్యాంటు తొడ దగ్గర బాగుండి వెనక నడుం దగ్గర మాత్రం చెయ్యి దూరేంత ఖాళీ ఉండటం మన ఒళ్లకి చాలా కామన్, పక్కల నుంచి తగ్గించొద్దని చెప్పండి, అలా చేస్తే జేబులు వెనక్కి తిరిగిపోతాయి, వెనక మధ్య కుట్టు విప్పి అక్కడ నుంచి తీయమనండి. పొడవు చీలమండ ఎముక కనిపించీ కనిపించనట్టు ఉండాలి, చెప్పు మీద గుడ్డ కుప్ప పడకూడదు. జీన్స్ కింద అంచు కంపెనీది కోసి పారేయొద్దు, పైన మడత వేసి ఆ పాత అంచునే మళ్లీ కలిపి కుట్టమనండి, దారం కూడా అదే ఇటుక రంగు జీన్స్ దారం వాడమనండి, చాలామంది నీలం దారంతో కానిచ్చేస్తారు, చూసినవాళ్లకి వెంటనే తెలిసిపోతుంది.

షర్టు వదులుగా ఉండటం మంచిదే, వెనక మాత్రం గాలి నిండినట్టు ఉబ్బితే వీపు మీద రెండు టక్స్ వేయించండి, ముందు వైపు వేయించొద్దు, వేయిస్తే షర్టు పోయి టాప్ అవుతుంది. ఏం తగ్గించినా లోపల మిగిలిన గుడ్డ కోయొద్దని రెండుసార్లు చెప్పండి, జాకెట్టులో వదిలిస్తాం కదా అలాగే, రేపు ఒళ్లు వస్తే విప్పుకోవచ్చు. ఇచ్చేసేముందు అక్కడే కూర్చుని లేవండి, రెండు చేతులూ పైకెత్తండి, బస్‌లో రాడ్ పట్టుకున్నట్టు. నిలబడితే బాగుండి కూర్చుంటే కోసుకుపోయే బట్ట మళ్లీ మూడో కుప్పలోకే వెళ్తుంది.

గుండీలు కూడా ఇక్కడే. మామూలు బ్లేజర్ మీద మెరిసే ప్లాస్టిక్ బంగారు గుండీలుంటే తీయించి కొమ్ము రంగువో నల్లవో మ్యాట్‌వి పెట్టించండి. దీనంత చవకగా బట్ట రేటు పెంచి చూపించే పని ఇంకోటి లేదు.

చెప్పులు

బ్యాలే ఫ్లాట్స్ అనేవి, అంటే హీల్ పెద్దగా లేకుండా వేళ్లు మూసి ఉండే మెత్తటి చెప్పులు, నిజంగానే బ్యాలే డాన్స్ చెప్పుల నుంచి వచ్చాయి. రోజ్ రెపెటో అనే ఆవిడ 1947లో డాన్సర్ల కోసం చెప్పులు కుట్టడం మొదలుపెట్టింది, 1956లో నటి బ్రిజిత్ బార్డో అడిగితే వీధిలో వేసుకోగలిగేలా ఒక జత చేసిచ్చింది, ఆ మోడల్ ఇప్పటికీ అమ్ముతున్నారు. వాటిని లోపలి వైపు బయటికి పెట్టి కుట్టి తర్వాత తిరగేస్తారు, అందుకే అంత మెత్తగా ఉంటాయి, అందుకే అడుగు అంత పల్చగానూ ఉంటుంది. మన రోడ్ల మీద ఆ అడుగు నెలకి మించి నిలవదు. కొన్న రోజే చెప్పులు కుట్టేవాళ్ల దగ్గర ముందు సగం పల్చటి రబ్బరు సోల్ వేయించేయండి, పారిస్‌లో కూడా లెదర్ సోల్ ఉన్న చెప్పులకి అదే చేయిస్తారు, నామోషీ ఏం లేదు. ముందు భాగంలో వేళ్ల మొదళ్లు కొద్దిగా కనిపించేంత కిందకి కట్ ఉన్నది కాలు పొడుగ్గా చూపిస్తుంది. ఇవి కాక ఒక జత తెల్ల ప్లెయిన్ స్నీకర్లు, ఒక జత గోధుమ రంగు లెదర్ చెప్పులు. మూడూ శుభ్రంగా ఉండాలి, అంతకంటే రూల్ ఏం లేదు.

స్కార్ఫ్, దాంతో పాటు మన బందరు సంగతి

ఎర్మెస్ కంపెనీ సిల్కు స్కార్ఫ్ 1937లో వచ్చింది, 90 సెంటీమీటర్ల చదరం, అంచులు చేత్తో చుట్టి కుడతారు, చుట్ట పై వైపుకి తిరిగి ఉంటుంది. దాని రేటు మనకొద్దు గానీ కొలత మాత్రం గుర్తుపెట్టుకోండి, మరీ చిన్నదైతే మెడ చుట్టూ తిరిగి ముడికి సరిపోదు.

దీనికి నేను చెప్పే ఉపాయం కలంకారీ. ఊరికే మనది కదా అని చెప్పట్లేదు, లెక్క ఉంది. పదిహేడో శతాబ్దంలో మచిలీపట్నం చుట్టుపక్కల, కోరమండల్ తీరం వెంబడి అద్దిన పువ్వుల కాటన్ బట్టలకి ఫ్రాన్స్‌లో జనం ఎగబడ్డారు, ఫ్రెంచ్ ఈస్టిండియా కంపెనీ 1669లోనే బందరులో స్థావరం పెట్టుకుంది, ఆ బట్టలు ఎంత అమ్ముడుపోయాయంటే అక్కడి సిల్కు, ఉన్ని నేతవాళ్లు గగ్గోలు పెట్టి 1686లో వాటిని నిషేధింపజేశారు, ఆ నిషేధం 1759 దాకా నడిచింది, అయినా దొంగచాటుగా తెప్పించుకుని తొడుక్కున్నారు. నిషేధం ఎత్తేసిన మరుసటేడు పారిస్ దగ్గర జూయి అనే ఊళ్లో ఓబెర్‌కాంఫ్ అద్దకం ఫ్యాక్టరీ పెట్టాడు, ఇప్పుడు ఫ్రెంచ్ క్లాసిక్ అని అమ్మే జూయి ప్రింట్లు అక్కడివే. ఫ్రాన్స్ దక్షిణాన ఉన్న ప్రొవాన్స్ ప్రాంతం పువ్వుల ప్రింట్లకీ మూలం ఈ బట్టలే. కాబట్టి పెడన కలంకారీ మెడకి కట్టుకుంటే ఫ్రెంచ్ స్టైల్‌లోకి ఏదో దేశీ ముక్క ఇరికించినట్టు అనుకోనక్కర్లేదు.

చేయాల్సింది: నేవీ లేదా మెరూన్ ఎక్కువున్న సన్న డిజైన్ కలంకారీ గుడ్డ, మీటరు చాలు, పన్నా 44 అంగుళాలుంటుంది కాబట్టి 90 చదరం హాయిగా వస్తుంది. పల్చటి గుడ్డ అడగండి, మందంది అయితే మెడకి పట్టీ వేసినట్టుంటుంది. ముందు ఉప్పు నీళ్లలో నానబెట్టి విడిగా ఉతకండి, రంగు కొంచెం దిగుతుంది. అంచుకి పీకో చేయించొద్దు, చీరకి బాగుంటుంది గానీ దీనికి అంచు గట్టిపడి నిలబడుతుంది, ఇంట్లో చేత్తో సన్నగా చుట్టి కుట్టుకోండి, టీవీ చూస్తూ రెండు సాయంత్రాల పని. కట్టడం ఇలా: మూల నుంచి మూలకి త్రికోణంలా మడిచి, కొసని లోపలికి నాలుగు వేళ్ల వెడల్పు వచ్చేదాకా మడుస్తూ పోండి, పట్టీ అవుతుంది, మెడ వెనక నుంచి తెచ్చి ముందు ఒకే ముడి వేసి ఆ ముడిని పక్కకి జరిపేయండి. సమానంగా సర్దొద్దు.

వేసుకునేటప్పుడు

ఇంత పని ముందే చేసి పెట్టుకుంటే పొద్దున మిగిలేది చాలా తక్కువ. షర్టు చేతులు మడిచే పద్ధతి ఒకటి నేర్చుకోండి: కఫ్ గుండీలు తీసి, కఫ్‌ని ఒకేసారి మోచేతి దాకా పైకి తిరగేయండి, తర్వాత కింద మిగిలిన మడతని సగానికి పైకి మడిచి కఫ్ అంచు మాత్రం కొద్దిగా బయటికి కనపడేలా వదిలేయండి. ఇది రోజంతా జారదు, చిన్న చిన్న మడతలు ఐదారు వేస్తే వచ్చే ఉండలాంటి లావు కూడా ఉండదు. షర్టు ముందు భాగం మాత్రమే ప్యాంట్‌లోకి దోపి వెనక వదిలేయడం అందరికీ తెలిసిందే, పొట్ట ఉన్నవాళ్లు మధ్యలో కాకుండా ఒక పక్కకి దోపి చూడండి, నయంగా ఉంటుంది.

ఒకటి మాత్రమే గట్టిగా కనిపించాలి, మిగతావి ఊరుకోవాలి. స్కార్ఫ్ కడితే పెద్ద జుంకాలు వద్దు, ఎర్ర లిప్‌స్టిక్ వేస్తే కళ్లకి కాటుక తప్ప ఏమీ వద్దు, బుట్టలు పెట్టుకోవాలనుంటే టీషర్టు ప్లెయిన్‌ది వేసుకోండి. జుట్టు విషయంలో ఫ్రెంచ్ వాళ్లని అలాగే దింపడం మనకి కుదరదు, వాళ్లది చెదిరితే అందం, మనది చెమటకి చెదిరితే మనిషి ఇప్పుడే బస్ దిగినట్టుంటుంది. కిందగా వదులు ముడి వేసి, చెవుల దగ్గర రెండు పాయలు వదిలేయండి, సరిపోతుంది. నల్లపూసలు, బొట్టు ఇవన్నీ తీసేయాలా అని అడిగేవాళ్లుంటారు, ఎందుకు తీయడం, సన్నటి నల్లపూసలు తెల్ల షర్టు కాలర్ మధ్యలో ఉన్నంత అందంగా ఇంకెక్కడా ఉండవు.

మగవాళ్లు కూడా చదువుతుంటే

మీకు ఇంకా సులువు. ఫ్రెంచ్ ఫ్యాక్టరీ కార్మికులు వేసుకునే నీలం కాటన్ జాకెట్, పైన కుట్టిన మూడు జేబులు, లైనింగ్ లేనిది, న్యూయార్క్ ఫొటోగ్రాఫర్ బిల్ కనింగ్‌హామ్ ఏళ్ల తరబడి అదే వేసుకుని సైకిల్ మీద తిరిగాడు. ఒక ఫొటో చూపిస్తే మందం కాటన్ డ్రిల్‌లో ఏ జెంట్స్ టైలరైనా కుట్టేస్తాడు. దాని కింద పోలో టీషర్టు, రెనే లకోస్ట్ టెన్నిస్ ఆడేటప్పుడు పొడుగు చేతుల షర్టుతో విసిగిపోయి చేయించుకున్నదే అది, 1933లో అమ్మకానికి వచ్చింది. లోగో చిన్నది, లేకపోతే ఇంకా మంచిది. భుజం, పొడవు గురించి పైన చెప్పినవన్నీ మీకూ అంతే.

కొనే పద్ధతి

ఫ్రాన్స్‌లో ఈ పేద్ద డిస్కౌంట్ సేల్స్ ఏడాది పొడుగునా ఉండవు, శీతాకాలం ఒకటి వేసవి ఒకటి, తేదీలు ప్రభుత్వమే ప్రకటిస్తుంది, 2020 నుంచి ఒక్కోటి నాలుగు వారాలు, సేల్‌లో పెట్టే సరుకు అంతకుముందు కనీసం నెల రోజులు షాపులో అమ్మకానికి ఉండి తీరాలి. అందుకని అక్కడ చాలామంది ముందే వెళ్లి వేసుకు చూసి, సైజు రాసుకుని, సేల్ రోజు వెళ్లి అదొక్కటే తెచ్చుకుంటారు. మనకి ఫోన్‌లో రోజూ సేలే కాబట్టి ఈ పద్ధతి మనమే పెట్టుకోవాలి: నచ్చింది కార్ట్‌లో పడేయండి, నెల తర్వాత తెరిచి చూడండి, ఇంకా కావాలనిపిస్తే అప్పుడు.

రిపేర్ కూడా వాళ్లు సీరియస్‌గానే తీసుకున్నారు, 2023 చివర్లో ఒక పథకం పెట్టారు, చెప్పులు బాగుచేయించుకున్నా చిరిగిన బట్ట కుట్టించుకున్నా మొదట్లో పనిని బట్టి 6 నుంచి 25 యూరోలు బిల్లులో తగ్గించేవాళ్లు. మనకి తగ్గింపు అక్కర్లేదు, మన వీధి చివర కుట్టేవాళ్లు అడిగేదే తక్కువ, అక్కడ బేరం ఆడకండి.

ఇక ఉతకడం. నేవీ, నలుపు, జీన్స్ అన్నీ తిరగేసి చల్లనీళ్లలో ఉతికి నీడలో ఆరేయండి, మన ఎండకి ఒక్క వేసవిలో నేవీ కాస్తా నీలిబూడిదైపోతుంది. చారల టీషర్టు హ్యాంగర్‌కి తగిలించకండి, భుజాల దగ్గర కొమ్ములు మొలుస్తాయి, మడత పెట్టండి. ఇస్త్రీ బండికి షర్టు, బ్లేజర్, స్కార్ఫ్ మాత్రం ఇవ్వండి. జీన్స్‌కి మధ్యలో గీత పెట్టొద్దని ముందే చెప్పండి, చెప్పినా పెడతారు, అందుకని జీన్స్ అసలు ఇవ్వకండి.